మా ఆయన రెండో పెళ్లాం చెప్పులు

రెండు వేల ఇరవై ఒకటి ఎండాకాలంలో రెండు నెలల పాటు మా ఆయనకు ఇద్దరు పెళ్లాలు. రెండో ఆవిడను కట్టబెట్టింది నేనే. ఆయనకు ఆ సంగతి అరగంట ఆలస్యంగా, అదీ వాచ్‌మన్ చెబితే తెలిసింది.

మా వైపు వాళ్లూ ఆయన వైపు వాళ్లూ కలిసి ఒప్పుకునే విషయం ఒక్కటే, నాకు నోరెక్కువ అని. కోపంలో మాట జారుతుంది. జారిన మాటను తర్వాత ఇంట్లో పెట్టుకుని సాకాలి. ఆ ఎండాకాలమంతా నేను చేసిన పని అదే.

మేముండేది అబూధాబీలో, మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో. కాకినాడలో మా చుట్టాలకు మాత్రం అది ఎప్పటికీ దుబాయే. ఒక విల్లాలో కింది వాటా మాది, ఆ ఏడాది సంక్రాంతికే దిగాం. రెండు పడక గదులు, హాలు, వంటిల్లు. ఇంటి ఓనరు ఎదురు విల్లాలో ఉండే ఎమిరాతీ ముసలావిడ. డెబ్బై దాటాయి, భర్త లేడు, మోకాళ్లు పనిచేయవు, కళ్లు మాత్రం డేగ కళ్లు. వీధిలో అందరూ మామా అంటారు కాబట్టి మేమూ అలాగే పిలుస్తాం. ఆ తరంలో చాలామందిలాగే చక్కగా హిందీ మాట్లాడుతుంది. కోపమొస్తే అరబ్బీలోకి దిగుతుంది.

ఆవిడకు ఒకటే నియమం. వాటాకు ఒక్క కుటుంబం. కుటుంబం అంటే మొగుడు, పెళ్లాం, పిల్లలు. మాకంటే ముందున్న పెద్దమనిషి అన్నదమ్ములని చెప్పి పద్నాలుగు మంది బ్రహ్మచారులను అందులో కుక్కాడట. మునిసిపాలిటీ వాళ్లు వచ్చి చూసి, తప్పు ఆ మనిషిదైనా జరిమానా ఈవిడకు తగిలించి పోయారు. అప్పట్నుంచి ఆవిడ వాచ్‌మన్‌కు ఒక పని అప్పజెప్పింది. అతను పెషావర్ వైపు పఠాన్, కొండలాంటి మనిషి. ప్రతి ఉదయం గుమ్మం ముందు చెప్పుల జతలు లెక్కపెట్టి ఆవిడకు చెప్పాలి. మనవాళ్లం చెప్పులు బయటే విడుస్తాం కదా, అతని పని సులువయింది. మా ఇంటి లెక్క మూడు జతలు. నావి, ఆయనవి, పద్నాలుగేళ్ల మా అమ్మాయివి.

ఇక రెండో ఆవిడ సంగతి. వరంగల్ వైపు పిల్ల. ఒక క్లినిక్‌లో ల్యాబ్ టెక్నీషియన్. అంతకుముందు ముసఫ్ఫాలో మేమున్న బిల్డింగులో పక్క ఫ్లాట్‌లో ఉండేది. నన్ను అక్కా అంటుంది, మా ఆయనను అన్నా అంటుంది. ఏప్రిల్లో వాళ్ల మామగారు పోయారని వాళ్లాయన ఒక్కడే ఊరికి వెళ్లాడు. దినం అయ్యేలోపు ఇండియా నుంచి విమానాలు ఆపేశారు. అతను అక్కడ ఇరుక్కుపోయాడు. మే నెలాఖరులో అతని కంపెనీ, మనిషి లేనప్పుడు ఫ్లాట్ ఎందుకని వెనక్కి తీసుకుంది. ఈమె నాలుగేళ్ల కూతురితో, మూడు సూట్‌కేసులతో, ఒక రైస్ కుక్కర్‌తో మెట్ల మీద కూర్చుని నాకు ఫోన్ చేసింది.

"ఇండియాకు పోదామంటే మల్లొచ్చుడు లేదక్కా. నౌకరి పోతది. ఈన కంపెనీ గూడ ఎప్పుడు రమ్మంటదో తెల్వదు. నా ఒక్క నౌకరితోనే మేమున్నం."

అంటే ఆమెకు కావలసింది ఒకటే, మొగుడు వచ్చేదాకా తనకూ పిల్లకూ ఒక కప్పు. అది దొరక్కపోతే ఉద్యోగం వదిలి వెళ్లిపోవాలి. వెళ్తే వాళ్ల దుబాయ్ బతుకు ఖలాస్. నేను ఆలోచించలేదు. వచ్చెయ్యి అన్నాను. వచ్చింది. ఆమె చెప్పులు వంటింట్లో సింకు కింద, ఉల్లిపాయల బుట్ట వెనక పెట్టాం.

సరిగ్గా అప్పుడే మా ఇంట్లో ఇంకో రామాయణం నడుస్తోంది. మా అమ్మాయిది అమెరికన్ సిలబస్ బడి. ఏడాది చివర చరిత్ర పాఠానికి ఆన్‌లైన్లో ఉత్తుత్తి కోర్టు పెట్టారు. టీచరు జడ్జి. మా అమ్మాయికి చీటీల్లో వచ్చింది ముద్దాయి తరఫు లాయరు పాత్ర. ముద్దాయి ఎవరయ్యా అంటే, నూట ముప్పై నలభై ఏళ్ల కిందట అమెరికాలో యూటా అనే చోట ఇద్దరు పెళ్లాలతో కాపురం చేసిన, మార్మన్ అనే క్రైస్తవ శాఖకు చెందిన ఒక రైతు.

"ఇద్దరు పెళ్లాలున్నవాణ్ని నువ్వు వెనకేసుకొస్తావా?" అన్నాను.

"నేను వెనకేసుకు రావట్లేదు మమ్మీ. డిఫెన్స్ నేను. నువ్వు ప్రాసిక్యూషన్ చెయ్యి, ప్రాక్టీసు అవుతుంది."

నేను ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో డాక్యుమెంట్ కంట్రోలర్‌ని. ప్రతి కాగితానికీ నంబరు, ప్రతి మార్పుకూ రివిజన్ నంబరు వేయకపోతే నాకు అన్నం సయించదు. వర్క్ ఫ్రమ్ హోమ్ కాబట్టి ఒక చేత్తో డ్రాయింగులు పంపుతూ, ఇంకో చేత్తో ఆ రైతు మీద కేసు తయారుచేశాను. చదివేకొద్దీ నాకు బీపీ పెరిగింది. ఆ శాఖ వాళ్లు యూటాకు పోకముందు ఉన్న రాష్ట్రంలో రెండో పెళ్లి అప్పటికే నేరమట. అందుకని గుట్టుగా చేసుకునేవాళ్లట. యూటా ఎడారిలోకి పోయాక అడిగేవాడు లేడని బాహాటంగా చెప్పుకున్నారు. ఆ తర్వాత పైనున్న ప్రభుత్వం అది నేరమని చట్టం చేసింది. కానీ చట్టం చేస్తే సరిపోతుందా. పెళ్లి జరిగిందని రుజువు చేయాలంటే రిజిస్టరు కావాలి. రిజిస్టరు ఉంటేగా.

"రిజిస్టరు లేకుండా ఇన్నేసి పెళ్లిళ్లా. ఒక్క కాగితం లేదా?" అని నేను బల్ల మీద కొట్టాను.

"యువరానర్, ప్రాసిక్యూషన్ ఎమోషనల్ అవుతోంది," అంది మా అమ్మాయి.

వాళ్ల మతపెద్ద దగ్గర పనిచేసే కార్యదర్శి ఒకాయన, ఇది మా మతధర్మం, తేల్చండి చూద్దాం అని తానే ముందుకొచ్చి కోర్టుకెక్కాడు. పై కోర్టు దాకా వెళ్లింది. నువ్వేది నమ్మినా నీ ఇష్టం, చేసే పని మాత్రం చట్టం చూసుకుంటుంది అని వాళ్లు తీర్పు చెప్పారు. అయినా పెళ్లి రుజువు కావట్లేదని ఈసారి ఇంకో చట్టం తెచ్చారు. పెళ్లితో పనిలేదు, ఒక మగాడు ఒకరికి మించిన ఆడవాళ్లతో ఒకే కాపురంగా ఉంటే చాలు, నేరమే. ఇక మార్షల్స్ అనే అధికారులు ఇళ్ల చుట్టూ తిరగడం, కిటికీల్లోంచి చూడడం. రెండో పెళ్లాలు గడ్డివాముల్లో దాక్కోవడం. కొత్తవాళ్లు అడిగితే నాన్న పేరు చెప్పొద్దని పిల్లలకు నేర్పడం.

ఇది నేను గట్టిగా చదువుతుంటే వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్న వరంగల్ పిల్ల ఆగిపోయింది. "మనింట్ల లెక్కనే ఉందిగదక్కా," అంది మెల్లిగా. నేను ఆ మాట పట్టించుకోలేదు. ప్రాసిక్యూషన్ వేడిలో ఉన్నాను.

జూన్ మొదట్లో ఒక శుక్రవారం దొరికిపోయాం. పట్టించింది ఆమె కూతురే. అందరి చెప్పులూ బయట ఉండి వాళ్లమ్మవి మాత్రం ఉల్లిపాయల దగ్గర ఎందుకుండాలని అనుకుందో ఏమో, తెచ్చి మా చెప్పుల పక్కన చక్కగా సర్దింది. పక్కనే తన బుల్లి గులాబీ చెప్పులు కూడా.

కాలింగ్ బెల్ మోగింది. పఠాన్.

"మేడమ్, తీన్ కా పాంచ్ హో గయా. యే కిస్‌కా చప్పల్ హై?"

"మేరా బెహన్ కా," అన్నాను. తడుముకోలేదు. మనకు ఎవరైనా చెల్లెలే కదా.

అతను వెళ్లి మామాకు చెప్పాడు. ఐదు నిమిషాల్లో తిరిగొచ్చాడు. మామా చెప్పిందట, పెళ్లాం చెల్లెలు కుటుంబం కిందికి రాదు. చుట్టం మూడు రోజులుంటుంది. నాలుగో రోజు మునిసిపాలిటీ వస్తుంది. ఆదివారానికల్లా పంపించెయ్యాలి, యల్లా, త్వరగా.

ఆదివారానికల్లా ఆ పిల్ల ఎక్కడికి పోతుంది? నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మొగుడూ పెళ్లాం పిల్లలే కుటుంబమట. తల నిండా యూటా ఉంది. గడ్డివాములు, మార్షల్స్, కిటికీలు. నోరు తెరిచాను.

"సిర్ఫ్ బెహన్ నహీ. బీవీ హై. సాబ్ కా దూస్రా బీవీ. అబ్ బోలో, ఫ్యామిలీ హై కి నహీ?"

పఠాన్ ఒక్క క్షణం నన్ను ఎగాదిగా చూశాడు. తర్వాత గుండె మీద చెయ్యి పెట్టుకుని, తల వంచి, మరీ మర్యాదగా వెళ్లిపోయాడు. ఆఫీసు భాషలో చెప్పాలంటే చెల్లెలు రివిజన్ జీరో, పెళ్లాం రివిజన్ ఒకటి. పాత రివిజన్ను వెనక్కి తీసుకోవాలన్న బుద్ధి ఆ క్షణంలో లేకపోయింది. ఆ తప్పే కొంపముంచింది.

అప్పుడు మా ఆయన తలకు రంగేసుకుని బాత్రూంలో కూర్చుని ఉన్నారు. అరగంట తర్వాత నిగనిగలాడే నల్లటి జుట్టుతో చెత్త పడేయడానికి బయటికి వెళ్లారు. పఠాన్ ఆయనను కౌగిలించుకుని ముబారక్ చెప్పాడు. జుట్టు వంక చూసి ఇంకోసారి చెప్పాడట. ఆయన చెత్త కవరుతోనే ఇంట్లోకి వచ్చేశారు.

"ఏంటే ఇది. నాకు పెళ్లేంటి. నన్నడగొద్దా?"

"అడిగితే ఒప్పుకునేవారా?"

"ఎలా ఒప్పుకుంటానే."

"అందుకే అడగలేదు."

మూడింటికి క్లినిక్ నుంచి వచ్చిన పెళ్లికూతురు విని గోడకు ఆనుకుంది. "అక్కా, ఏం జేసినవే. అన్న మొఖం నేనెట్ల జూడాలె. మా ఆయనకు ఏమని చెప్పాలె?" తర్వాత వాళ్లాయనకు వీడియో కాల్ చేసి చెబితే అతను వరంగల్లో మంచం మీద నుంచి పడిపోయేలా నవ్వాడు. చివరికి మా ఆయనను పిలిచి, "అన్నా, జర పైలం, రెండు నెల్లే," అన్నాడు.

సాయంత్రం మామా కర్ర పట్టుకుని స్వయంగా వచ్చింది. మా గుమ్మం తొక్కడం ఆవిడకు అదే మొదటిసారి. సోఫాలో కూర్చుని ముందు అరబ్బీలో తిట్టింది, తర్వాత మాకు అర్థమయ్యేలా హిందీలో తిట్టింది.

"ఇద్దరైనా సరే, ముగ్గురైనా సరే, నలుగురి దాకా చేసుకోనీ. అక్కాచెల్లెళ్లనా? ఒకే మగాడు ఒకేసారి? హరామ్. ఎవరు చేశారు ఈ పెళ్లి?"

మన దగ్గర పెళ్లాం చెల్లెల్ని చేసుకోవడం తాతల కాలంలో ఇంటింటా ఉన్న వ్యవహారం. ఆ యూటా వాళ్లలో కూడా అక్కాచెల్లెళ్లను చేసుకున్నవాళ్లున్నారని అంతకుముందు రోజే చదివి తిట్టుకున్నాను. ఇక్కడేమో ఇద్దరు పెళ్లాలు తప్పు కాదు, ఇద్దరు అక్కాచెల్లెళ్లు మహా తప్పు. ఊరికో చట్టం.

"సొంత చెల్లెలు కాదు మామా. మాలో అందరినీ అలాగే అంటాం."

"అందరినీ అంటే?"

"ఆఫీసులో, బస్సులో, కూరగాయల కొట్లో."

"మీ అమ్మ ఒకరేనా కాదా?"

"అమ్మ వేరు, నాన్న వేరు, జిల్లా వేరు. మొన్నీమధ్య రాష్ట్రం కూడా వేరైపోయింది."

ఆవిడ కర్ర నేల మీద ఆడించి ఆలోచించింది. "మీ మతంలో రెండో పెళ్లి ఉందా?" అంది. చచ్చాం అనుకున్నాను. మన చట్టం సంగతి నాకు తెలుసు, జైల్లో పెడతారు. నేను నోరు తెరిచేలోపు మా అమ్మాయి అందుకుంది.

"మా ముత్తాతల కాలం నుంచీ ఉంది మామా."

మామా లేచి వెళ్లాక దాన్ని నిలదీశాను. "నేను చెప్పింది అబద్ధం కాదు మమ్మీ. ఎప్పటిదాకా ఉందో చెప్పలేదంతే," అంది. లాయరైతే ఏ గంగలో దూకుతుందో అని భయపడ్డాను.

వెళ్లేముందు మామా మా ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి చూసింది. నన్ను చూపించి, "నువ్వు పెద్దదానివి. నేనూ పెద్దదాన్నే," అంది. అంటే ఆవిడకూ ఒక చిన్నావిడ ఉండేదన్న మాట. తర్వాత మా ఆయన వైపు తిరిగింది. ఆయన వాక్యూమ్ క్లీనర్ పట్టుకుని, ఎక్కడికి పారిపోదామా అని చూస్తున్నారు. "ఇద్దరికీ సమానం. తిండి, బట్ట, మాట, అన్నీ. నేను చూస్తుంటాను," అని వేలు చూపించింది. ఆయన వాక్యూమ్ క్లీనర్‌తో సహా తల ఊపారు.

ఆవిడ మాటంటే మాటే. ఆ రోజు నుంచి మా గుమ్మంలోకి ఏది వచ్చినా రెండుగా వచ్చింది. రెండు ఖర్జూరం డబ్బాలు, రెండు ఒకే రకం ఫ్లాస్కులు. బక్రీద్‌కు రెండు కవర్లలో మాంసం, పఠాన్ తూచి తెచ్చాడు. ఆయన ఆఫీసు నుంచి నాకు మాత్రమే మల్లెపూలు తెచ్చిన రోజున మామా తన గేటు దగ్గర ఆపి పొట్లం విప్పించి చూసి, వెనక్కి పంపించి ఇంకో మూర తెప్పించింది.

"చేసుకున్నవాడికి చేసుకున్నంత అంటారు. నేను చేసుకోకుండానే ఇంత," అన్నారాయన చెమట తుడుచుకుంటూ.

ఇవన్నీ నవ్వుకోవచ్చు. కారులో ముందు సీటు దగ్గర మాత్రం నాకు నవ్వు రాలేదు. ఒక సాయంత్రం మేం సరుకులకు లులూ సూపర్ మార్కెట్‌కు బయల్దేరాం. నేను ఎప్పట్లాగే ముందు ఎక్కాను. మామా కిటికీ తెరుచుకుంది. "నిన్న ఎవరు ముందు కూర్చున్నారు?" నేనే. "మొన్న?" నేనే. "అయితే ఈరోజు చిన్నావిడ." దిగాను. వెనక సీట్లో మా అమ్మాయికీ ఆ బుల్లిదానికీ మధ్య కూర్చున్నాను. ముందు ఆమె ఒద్దికగా, డాష్‌బోర్డు ముట్టుకోకుండా కూర్చుంది. మా ఆయన అలవాటు కొద్దీ ఏసీ గాలి ఆమె వైపు తిప్పారు. రోజూ నా వైపు తిప్పే గాలి అది.

నాకు ఒళ్లు మండింది. ఇదంతా నాటకమని తెలుసు, ఆమె నోరు తెరిస్తే అన్నా అంటుందని తెలుసు, అయినా మండింది. ఇంటికొచ్చాక రెండు రోజులు ఆయనతో పొడిపొడిగా మాట్లాడాను. ఆమెతోనూ. మూడో రోజు అన్నం తింటూ ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది. "నేను పోతనక్కా. అజ్మాన్ల మా చిన్ననాటి దోస్తు ఉంది, బెడ్ స్పేస్ అడుగుత." అజ్మాన్ నుంచి అబూధాబీలో ఉద్యోగానికి రోజూ ఎలా వస్తుంది? నలుగురైదుగురు ఉండే గదిలో ఒక్క మంచం అద్దెకిచ్చే బెడ్ స్పేస్‌లో పిల్లను ఎవరు చూస్తారు? నాకు సిగ్గేసింది. "నోర్మూసుకుని పప్పు వేసుకో," అన్నాను. మర్నాడు బయటికి వెళ్లేటప్పుడు మామా అడక్కముందే వెనక ఎక్కాను.

జూన్ చివర్లో ఉత్తుత్తి కోర్టు జరిగింది. హాల్లో మా అమ్మాయి నా నల్ల కోటు వేసుకుని లాప్‌టాప్ ముందు కూర్చుంది. నేనూ వరంగల్ పిల్లా వంటింటి తలుపు దగ్గర నిలబడ్డాం. అవతలి పార్టీ ఒక కుర్రాడు, నేను తయారుచేసిన పాయింట్లన్నీ నాకంటే బాగా చెప్పాడు. నమ్మకం వేరు, పని వేరు. చట్టం అందరికీ ఒకటే. ఆ ఆడవాళ్లకు ఇష్టం ఉందో లేదో ఎవరడిగారు. అప్పుడు మా అమ్మాయి లేచి, అక్కడి ఆడవాళ్లకు అప్పటికే ఓటు ఉండేదని, సభలు పెట్టి మా పెళ్లిళ్ల జోలికి రావద్దని అరిచారని, చివరికి ఆ పెళ్లిళ్లను మాన్పించడానికి తెచ్చిన చట్టంతోనే వాళ్ల ఓటు కూడా పీకేశారని చెప్పింది. నేను చప్పట్లు కొట్టబోయి ఆగాను.

చివరి మాటలు అది కాగితంలో రాసుకోలేదు. మామూలుగా చెప్పింది.

"యువరానర్, నా క్లయింట్ చేసింది తప్పేనని మా అమ్మ అంటుంది. ఒప్పుకుంటాను. కానీ మీరు శిక్ష రాసేటప్పుడు ఇంకో లైను కూడా రాయండి. ఈ ఇంట్లోంచి బయటికి పంపాక ఆ రెండో ఆవిడ, ఆమె పాప, ఎవరింటికి వెళ్లాలో కూడా రాయండి. అది రాయకుండా సంతకం చెయ్యకండి."

నా పక్కన నిలబడ్డ మనిషి చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. టీచరు ముద్దాయికి ఆరు నెలల జైలు వేసి, మా అమ్మాయికి ఏ ప్లస్ వేసింది.

ఆగస్టులో విమానాలు తెరిచారు. వాళ్లాయన వచ్చాడు, కంపెనీ మళ్లీ ముసఫ్ఫా షాబియాలో ఫ్లాట్ ఇచ్చింది. వెళ్లే రోజు పండగలా ఉంది. అతను టాక్సీ తెచ్చాడు. వీధి లెక్కలో మా ఆయన తన పెళ్లాన్నీ కూతుర్నీ సామానుతో సహా పరాయి మగాడి టాక్సీ ఎక్కించి, చేతిలో బిస్కెట్ ప్యాకెట్ పెట్టి, తలుపు వేసి, ఈల వేసుకుంటూ వెనక్కి వచ్చారు. ఈల ఎందుకు వేశారో నాకర్థమైంది. రెండు నెలల తర్వాత ఆయన మొదటిసారి ఏసీ గాలిని ఇష్టమొచ్చినట్టు తిప్పుకోవచ్చు.

మామా తన కిటికీలోంచి అంతా చూసింది.

మర్నాడు పఠాన్ మా ఆయనకు సలాం చెయ్యలేదు. గోడ వైపు చూస్తూ కబురు చెప్పాడు. నెల రోజుల్లో ఇల్లు ఖాళీ చెయ్యాలి. పసిపిల్లతో ఉన్న ఆడదాన్ని ఇంట్లోంచి గెంటి, ఈల వేసేవాడికి మామా ఇల్లు ఇవ్వదు.

ఇద్దరున్నారని ఇల్లు పోతుందని భయపడి ఇంత నాటకం ఆడితే, ఇప్పుడు ఒక్కరే మిగిలారని ఇల్లు పోతోంది. మా ఆయన నా వంక చూసి, "ఇంకో రివిజన్ వెయ్యి," అన్నారు.

"మమ్మీ, గిల్టీ అని ఒప్పేసుకో. శిక్ష తగ్గుతుంది," అంది మా లాయరు.

నేనూ మా అమ్మాయీ మామా ఇంటికి వెళ్లాం. ఆవిడ గహ్వా, అంటే అరబ్బీ కాఫీ, పోసి ఇచ్చింది. మొత్తం చెప్పేశాను. చెల్లెలు కాదు, పెళ్లాం కాదు, స్నేహితురాలు. మొగుడు ఊళ్లో ఇరుక్కున్నాడు, ఇల్లు పోయింది, ఆదివారానికల్లా వెళ్లాలన్నారు, నా నోరు జారింది.

"అయితే నీ మొగుడికి ఎప్పుడూ ఒక్కటే పెళ్లాం?"

"ఒక్కటే మామా."

"పాపం," అంది. ఎవరు పాపమో నేను అడగలేదు.

కర్ర పిడి నిమిరింది. "మా ఆయన చిన్నావిడను తెచ్చినప్పుడు ఆమెకు కూడా ఇల్లు లేదు. అందుకే తెచ్చాడు. నేను ఏడాది పాటు ఆమెతో మాట్లాడలేదు. ముందు సీటు ఒక్కసారి కూడా ఇవ్వలేదు. ఆయన పోయాక ఇద్దరం ఈ ఇంట్లోనే ఇరవై ఏళ్లు పోట్లాడుకున్నాం. పోయిన ఏడాది ఆమె పోయింది," అంది. "నాతో పోట్లాడేవాళ్లెవరూ లేరు ఇప్పుడు," అంది.

మా అమ్మాయి లేచి వెళ్లి ఆవిడ పక్కన కూర్చుంది.

ఖాళీ చెయ్యక్కర్లేదని ఆవిడ చెప్పలేదు. ఇంకో మాట అడిగింది. "ఆమె చెప్పులు ఏవి? నిన్న బూట్లతో వెళ్లింది, నేను చూశాను."

ఇంటికొచ్చి చూస్తే ఉన్నాయి. సింకు కింద, ఉల్లిపాయల బుట్ట వెనక. ఇక దాచక్కర్లేకపోయినా, మొదట్లో చేసిన అలవాటు కొద్దీ అక్కడే పెట్టి మరిచిపోయింది. తీసుకెళ్లి మామాకు చూపించాను.

"దాచొద్దు. బయట పెట్టు, మీ వాటితో పాటు," అంది. "నేను కిటికీ తీస్తే మా గుమ్మంలో ఒక్క జతే కనబడుతోంది. మీ గుమ్మంలోనైనా ఇద్దరివి ఉండనీ."

అవి అక్కడే ఉన్నాయి. పఠాన్ రోజూ నాలుగు అని లెక్క చెబుతాడు, మామా సరే అంటుంది. శుక్రవారాలు వరంగల్ పిల్ల మొగుడితో వస్తుంది, వచ్చీ రాగానే బూట్లు విప్పి తన చెప్పులు తొడుక్కుని మామా ఇంటికి పోయి కాసేపు ఆవిడతో తగువాడి వస్తుంది. తర్వాత అందరం మా బండిలో షికారుకు బయల్దేరతాం. మామా కిటికీలోంచి చూస్తుంటుంది. నేను ముందు తలుపు తీసి చిన్నావిడను కూర్చోబెట్టి, ఇద్దరు మగాళ్లనూ నోటికొచ్చినట్టు తిడుతూ, వెనక ఎక్కుతాను.